మాస్టారికి కనపడని ‘కాదు’

మొన్న ఆఫీసులో పక్క సీటు అమ్మాయి చాట్‌లో నాకో కబురు పంపింది. మధ్యాహ్నం మీటింగు లేదని. అందులో ‘లేదు’ ఒక్కటే మిగతా మాటల కంటే లావుగా, నల్లగా కూర్చుని ఉంది. నేను దాన్నే చూస్తున్నానని గమనించి ఆ అమ్మాయి కుర్చీ జరుపుకొని వచ్చింది. మాటకి అటో నక్షత్రం గుర్తు, ఇటో నక్షత్రం గుర్తు కొడితే చాలు మేడం, గుర్తులు మాయమై మాట లావెక్కుతుంది, కొత్తగా వచ్చింది అని ఓపిగ్గా నేర్పింది. నేర్చుకున్నాను. మా మంగళగిరి ఆఫీసులో అంతా కుర్రకారే. వాళ్లు నేర్పుతుంటే తెలియనట్టు మొహం పెట్టడం నా ఉద్యోగంలో ఒక భాగం.

అయితే ఆ లావు ‘లేదు’ని చూసి నాకు నవ్వొచ్చింది. ఎందుకో చెప్పమని ఆ పిల్ల పట్టుబట్టింది. చెప్పడం మొదలుపెడితే మీటింగు లేని మధ్యాహ్నం కూడా చాలదని ఊరుకున్నాను. నాకు గుర్తొచ్చింది మా తెలుగు మాస్టారు. ఆయన పోయి రెండు ఎండాకాలాలు దాటాయి.

తొంభైల చివర్లో నేను గుంటూరు శివారు కాలేజీ ఒకదానిలో కంప్యూటర్ ల్యాబ్ ప్రోగ్రామర్‌ని. పేరుకి ప్రోగ్రామర్‌నే గాని, చేసే పని మిషన్ల మీద దుమ్ము దులపడం, గుడ్డలు కప్పడం, చెప్పులు బయట విప్పి రండని పిల్లల మీద అరవడం. మాస్టారు తెలుగు శాఖలో పెద్ద. మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చేవారు. నేను అరవకుండా చెప్పులు విప్పే ఒకే ఒక్క మనిషి ఆయన. విప్పి, వాటిని గోడవారగా సర్ది, పక్కన పిల్లలు చిందరవందరగా విడిచినవి కూడా కాలితో సర్ది లోపలికి వచ్చేవారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా. పెళ్లికైనా చావుకైనా అదే. ఇంకో రంగు ఆయన ఒంటిమీద ఎవరూ చూడలేదు.

ఆయన నోరు పెద్దది. మా వైపు అందరి నోళ్లూ పెద్దవే. అద్దంకి బస్సులో ఇద్దరు క్షేమసమాచారాలు అడుక్కుంటుంటే కొత్తవాళ్లు పోట్లాట అనుకుంటారు. కానీ మాస్టారిది ఒక ప్రత్యేకం. క్లాసంతా గోడలు అదిరేలా చెప్పి, అసలు ముఖ్యమైన సంగతి దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గించేసేవారు. వెనక బెంచీ పిల్లలు ముందుకు వంగి చెవులు రిక్కించాల్సి వచ్చేది. నొక్కి చెప్పాలంటే గట్టిగా అనాలి గదండీ అని ఒకసారి అడిగాను. గట్టిగా అంటే వేలంపాట అనుకుంటారమ్మా అన్నారు.

వాళ్లది మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉన్న కుటుంబం. తండ్రి తర్వాత తమ్ముడు చూసుకుంటున్నాడు. ఇంత వ్యాపారం వదిలి ఈయన పద్యాల వెంట ఎందుకు పడ్డారని ఎవరైనా అడిగితే, "మా నాయన చెప్పేవాడుగా, మావాడికి చదువు పిచ్చి అని" అని నవ్వేసేవారు. అయినా ఇంటి వాసన ఎక్కడికి పోతుంది. స్టాఫ్ రూములో ఎవరైనా ఎండుమిరపకాయలు కొనుక్కొచ్చారంటే సంచీలో చెయ్యి పెట్టకుండా ఉండలేరు. ఒక కాయ తొడిమ పట్టుకుని చెవి దగ్గర ఆడించేవారు, గింజలు గలగలమంటున్నాయో లేదో వినడానికి. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది ఇంకా ఒక ఎండ తినాలి అనో, దీన్ని ఈ పూటే దంచుకోండి అనో తీర్పు చెప్పేవారు. రంగు మాత్రం ఎవరు అడిగినా ఒకటే జవాబు. మిరపకాయ చూపించి రంగెలా ఉందండీ అంటే బాగుంది. కొత్త చీర కట్టుకెళ్లి రంగెలా ఉందండీ అంటే బాగుంది. కాలేజీకి సున్నం వేయించి అడిగినా బాగుంది. తల ఎత్తకుండానే అనేవారు. మాట కాదనని పెద్దమనిషి అనుకునేదాన్ని.

ఒక ఏడాది అర్ధసంవత్సర పరీక్షల పేపర్లన్నీ ఆకుపచ్చ సిరాతో దిద్దేశారు. మన ఆఫీసుల్లో ఆకుపచ్చ సిరా అంటే తెలుసుగా, ప్రిన్సిపాల్‌గారి సొత్తు. ఆయన పిలిపించి, నా కుర్చీ మీద కన్ను పడిందా మాస్టారూ అని అడిగారట. ఎర్రసిరాతో మార్కులు వేస్తుంటే పిల్లల కళ్లు మండుతున్నాయి, ఇదైతే కాస్త చల్లగా ఉంటుందని అన్నారట ఈయన. కాలేజీ అంతా వారం పాటు ఆ మాట చెప్పుకుని నవ్వింది.

అలాంటి మనిషి ల్యాబ్‌కి వచ్చేది తెలుగు న్యూస్ గ్రూపు చదవడానికి. న్యూస్ గ్రూపంటే, ఒకరు రాసింది గుంపులో అందరికీ చేరుతుంది, ఎవరైనా జవాబు రాయొచ్చు, ఎవరి మొహం ఎవరూ చూడక్కర్లేదు. మొహం చూడక్కర్లేదు కాబట్టి కయ్యాలు ఎక్కువ. తెలుగు లిపి అప్పటికి మిషన్లలోకి సరిగ్గా ఎక్కలేదు. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లు. అందులో చిన్న ఎల్ అంటే ల, పెద్ద ఎల్ అంటే ళ. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. ఇంగ్లీషువాళ్లకి కోపం వస్తే అన్నీ పెద్దక్షరాల్లో కొట్టి అరుస్తారట. మనకా వీలు లేదు. ఎవడో కుర్రాడు ఆవేశంగా ‘నేను’ అని పెద్దక్షరాల్లో కొడితే మాస్టారు ‘ణేణు’ అని చదివి, పాపం పళ్లు ఊడిపోయినవాడు కాబోలు అని జాలిపడ్డారు. అందుకని మనవాళ్లు నొక్కి చెప్పాలనుకున్న మాటకి అటూ ఇటూ నక్షత్రం గుర్తులు పెట్టేవాళ్లు.

ఆ గుర్తులు మాస్టారికి పడేవి కావు. పప్పులో రాళ్లలాగా కంటికి అడ్డం పడుతున్నాయమ్మా, వీటిని ఏరేసే మార్గం లేదా అన్నారు. ఉంది. ఆ చదివే ప్రోగ్రాంలో ఒక ఫైలు ఉండేది. ఏ గుర్తుల మధ్య ఉన్న మాట ఎలా కనపడాలో అందులో మనమే రాసుకోవచ్చు. గీత కావాలంటే గీత, వాలు కావాలంటే వాలు, రంగు కావాలంటే రంగు. గుర్తులు కనపడకుండా దాచమనీ చెప్పొచ్చు. నాకు అలాంటి పనులంటే పిచ్చి. మాస్టారు క్లాసులో ఉండగా కూర్చుని గుర్తులు దాచేశాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు గదా, నొక్కి చెప్పిన మాట పండుమిరపకాయలాగా మెరవాలని ఎరుపు పెట్టాను. నేను పప్పులో కాలేసింది అక్కడే.

మాస్టారు వచ్చి చూసి, అబ్బ, హాయిగా ఉందమ్మా, ఒక్క రాయి లేదు అన్నారు. రంగు బాగుందాండీ అని అడిగాను. తల ఎత్తకుండా, బాగుంది అన్నారు.

ఆ గుంపులో ఆయనకి ఒక ఆప్తుడు ఉండేవాడు. వేటపాలెంలో పుట్టి, భిలాయిలో ఇంజినీరుగా చేసి, అక్కడే స్థిరపడ్డ పెద్దాయన. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నది లేదు. మన పొలాల మాటలు ఆయనకో పది గుర్తొస్తే ఈయనకో ఇరవై గుర్తొచ్చేవి. మా ఇంట్లో ఇవి వినే ఓపిక ఎవరికుందమ్మా, ఆయన ఒక్కడే నా చెవి అనేవారు మాస్టారు. ఆయన ఉత్తరం రాని రోజున చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్లిపోయేవారు.

అంతలో ‘కళ్లం’ తగాదా వచ్చింది. మిరపకాయలు ఆరబోసే చోటు కళ్లమా, కల్లమా? గుంపులో ఎవరో కల్లం అని రాశారు. కల్ల అంటే అబద్ధం, కల్లం అంటే అబద్ధాలు ఆరబోసుకునే చోటు కాబోలు అని మాస్టారు ఎగతాళి చేశారు. రెండువైపులా జనం చేరారు. భిలాయి ఆయన కూడా ఏదో రాశారు. ఆ మర్నాడు మాస్టారు అది చదివి, మొహం మాడ్చుకుని నా దగ్గరకి వచ్చారు.

"మీరు రాసింది తప్పు అంటాడమ్మా. అంతే. ఎందుకు తప్పో చెప్పడు. వాక్యం సగంలో వదిలేస్తాడు."

అదేం అలవాటండీ అన్నాను. ఆ ఉత్తరాలు నేను చదివేదాన్ని కాదు, మాస్టారు చెబితే వినడమే. మర్నాడు ఇంకోటి వచ్చింది. "మీతో నాకు పేచీ" అని రాసి ఆపేశాడట. మాస్టారు జవాబిచ్చారు. ఆయన బతిమాలుతూ, గుంటూరు వస్తున్నానని ఇంకోటి రాశారు, ఈయనకి అది ఇంకా పొగరుగా కనపడింది. ఆయనగారు సగం సగం రాస్తాడు, మనం పూరించుకోవాలంట, సమస్యాపూరణం అనుకుంటున్నాడు అని ల్యాబ్ అంతా వినపడేట్టు అన్నారు. చిలికి చిలికి గాలివాన అయింది. ఒకరోజు గుంపందరి ఎదుటా, నన్ను చూడకుండా వెళ్లదలచినవాళ్లు అసలు రాకుండా ఉంటే గుంటూరుకి వచ్చిన నష్టమేమీ లేదని రాసి పారేశారు.

దానికి జవాబు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మాస్టారు చదివి, మళ్లీ మొదటికి వెళ్లి చదివారు. నేను వెళ్లి చూశాను. సరేనండి, ఇక ఈ గుంపులో రాయను, మీకు నా నమస్కారం అని మూడు ముక్కలు. అన్నీ తెల్లటి అక్షరాలే.

"ముందు అన్నది ఆయన కాదూ?" అన్నారు మాస్టారు. "ఇట్రా అమ్మాయ్. పాత ఉత్తరం తీస్తాను, నువ్వే చదువు. నాది తొందరపాటంటే నీ ఇష్టం."

తీశారు. నేను పైకి చదివాను. వచ్చే నెల గుంటూరు వస్తున్నాను, మిమ్మల్ని చూడకుండా వెళ్లను.

"మళ్లీ చదువు."

చదివాను.

"వెళ్లను అని ఎక్కడుందమ్మా?"

"ఇదిగోండి, ఎర్రగా ఉంది కదండీ" అని తెర మీద వేలు పెట్టాను.

మాస్టారు వంగి నా వేలు ఉన్నచోట చూశారు. కళ్లజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. పాతవి ఒక్కొక్కటే తీయమన్నారు. నేను చదువుతూ పోయాను. మీరు రాసింది తప్పు కాదు. మీతో నాకు పేచీ లేదు. మీ మాట కాదనడం నా ఉద్దేశం కాదు. ప్రతి కాదూ, ప్రతి లేదూ ఎరుపులో ఉన్నాయి. మాస్టారు అపార్థం చేసుకుంటున్నారని ఆయన ఇంకా నొక్కి చెప్పడానికి ఇంకా నక్షత్రాలు పెట్టారు. ఎంత నొక్కితే ఈయనకి అంత మాయమైంది. తెలుగు వాక్యంలో కాదన్నది చివర్న వస్తుంది గదా, అది రాలిపోతే మిగిలేదంతా తిట్టే. నాకు నవ్వు పొంగుకొచ్చింది గాని మాస్టారి మొహం చూసి మింగేశాను.

"నాకు ఎరుపు లేదమ్మా" అన్నారు.

గొంతు ఎంత తగ్గించారంటే నేను కూడా వెనక బెంచీ పిల్లలాగా ముందుకు వంగాను.

అప్పుడు చెప్పారు. కుర్రతనంలో తండ్రి ఆయన్ని కొట్లో కూర్చోబెట్టాడట. రంగు కాయలో తాలుకాయ ఏరడం, అంటే ఎర్రటి కాయల్లోంచి తెల్లబారిన కాయలు తీయడం, ఈయన బాగానే చేసేవాడు. కానీ ఒకసారి సరిగ్గా పండని పచ్చి చారల సరుకు వస్తే, చెవి దగ్గర ఆడించి, వాసన చూసి, మేలురకం అని ధర చెప్పేశాడు. బేరగాళ్లంతా తెల్లబోయారు. తండ్రి ఆ పూటే ఇంటికి తీసుకొచ్చి ఒక పండుకాయ, ఒక పచ్చికాయ ముందు పెట్టి, సంగతి కనుక్కుని, నెత్తిన చెయ్యి వేసి చెప్పాడట. ఇది ఎవరికీ తెలియకూడదు. మన కంటిని నమ్మి రైతు సరుకు తెస్తాడు. ఆ ఇంట్లో ఒకడికి రంగు తెలియదంటే మిగతావాళ్ల కంటినీ అనుమానిస్తారు. మర్నాటి నుంచి ఊరందరికీ, మావాడికి చదువు పిచ్చి అని చెప్పుకున్నాడు. ఈయన చదువుకున్నాడు. ఆనాటి నుంచి రంగు ఎవరు అడిగినా బాగుంది. భార్యకి కూడా అదే మాట.

నేను ఒక ఉపాయం చెప్పాను. కంప్యూటర్ పాడై కొన్ని మాటలు మింగేసిందని రాయండి మాస్టారూ, ఈ రోజుల్లో దేనికైనా కంప్యూటర్నే అంటారు, ఎవరూ అడగరు అన్నాను. మంచి ఉపాయమే. మాస్టారు కాసేపు ఆలోచించారు కూడా.

"వద్దమ్మా. గుంపందరి ముందూ ఆయన్ని అన్నాను. ఇప్పుడు అబద్ధం రాస్తే అది నిజంగానే కల్లం అవుతుంది."

అంటే నిజం కూడా గుంపందరి ముందే చెప్పాలి. ఆ గుంపు చదివేవాళ్లలో గుంటూరువాళ్లు తక్కువేం కాదు. తమ్ముడి కొట్టు, తండ్రికిచ్చిన మాట, ఒకవైపు. మొహమైనా చూడని వేటపాలెం మనిషి ఒకవైపు. ఆ సాయంత్రం ఏమీ తేల్చకుండానే వెళ్లిపోయారు. ఆయన రాస్తారని నేను అనుకోలేదు, నేనైతే రాసేదాన్ని కాదు.

మర్నాడు భోజనం గంట కొట్టకముందే వచ్చారు. ముందు నన్ను ఆ ఫైలు తీయమన్నారు. నొక్కి చెప్పిన మాటని ఇప్పుడెలా చూపించమంటారు, గీత కింద పెట్టనా, నల్లటి అక్షరం వెనక తెలుపు పెట్టనా అని ఒక్కొక్కటే వేసి చూపించాను. అన్నీ చూసి, నక్షత్రాలే పెట్టెయ్యమ్మా అన్నారు. రాళ్లు తగిలితే తగిలాయి, పప్పు మిగులుతుందిగా అన్నారు. పెట్టేశాను.

తర్వాత ఒక వేలితో రాయడం మొదలుపెట్టారు. ళ వచ్చినప్పుడల్లా ఎడమచేత్తో ఇంకో మీట నొక్కాలి గనక, పైకి "ళ" అని గట్టిగా అనుకుంటూ కొట్టేవారు. నాకు ఎరుపు కనపడదు, పుట్టుకతో అంతే, మీ ‘కాదు’లూ ‘లేదు’లూ ఎర్రగా ఉండటం వల్ల నాకు అందలేదు, మీరు రాయని మాటలకి మిమ్మల్ని నిందించాను, క్షమించండి. అంతే రాశారు. రాసి, ఏ మాటకి నక్షత్రాలు పెట్టాలా అని చాలాసేపు కూర్చున్నారు. ‘కనపడదు’కి పెడతారనుకున్నాను. ‘క్షమించండి’కి పెట్టి తీసేశారు. చివరకి కింద ఇంకో ముక్క చేర్చి దానికొక్కదానికే పెట్టారు. గుంటూరు రండి. అందులో ‘రండి’కి.

పంపేశాక ఆయనకి మంచినీళ్లు ఇచ్చాను. ఆయనంటే అప్పటిదాకా నాకు గౌరవం, కాస్త సరదా. ఆ రోజు నుంచి ప్రేమ. చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

భిలాయి నుంచి జవాబు రావడానికి నాలుగైదు రోజులు పట్టింది. ఆయన నిజంగానే గుంపు వైపు చూడటం మానేశారట, ఎవరో చెబితే చూశారట. ఆ జవాబు మాస్టారు నాచేత పైకి చదివించుకున్నారు. "ఇకనుంచి మీకు రాసేటప్పుడు నక్షత్రాలు పెట్టను. ముఖ్యం కానిదేదీ మీకు రాయబోను, గనక వాటి అవసరం లేదు. వచ్చే నెల వస్తున్నాను." మాస్టారు విని, వాక్యం పూర్తిగా ఉందిగా అమ్మాయ్, ఏమీ వదిలెయ్యలేదుగా అని రెండుసార్లు అడిగారు.

ఆయన వచ్చారు. పొట్టిగా, బట్టతలతో, మాస్టారి కంటే పెద్ద గొంతుతో. ఎండలు ముదిరే రోజులు, యార్డు నిండా సరుకు. ఇద్దరూ ల్యాబ్‌లో కూర్చుని కాఫీ తాగారు. ఇంతకీ మా ఇంట్లో కల్లం అనే అంటామండీ, మీది తప్పు కాదన్నానే గాని మాది తప్పనలేదు అని ఆయన ఒప్పుకున్నారు. మాస్టారు పోనిద్దురూ అన్నారు. తర్వాత యార్డు చూద్దాం పదండి, అమ్మాయ్ నువ్వూ రా అన్నారు. ఆటోలో వెళ్లాం. తిన్నగా తమ్ముడి కొట్టుకే తీసుకెళ్లారు. గుంపులో రాసిన సంగతి తమ్ముడి దాకా వచ్చిందో లేదో నాకు తెలియదు.

కొట్టు ముందు టిక్కీలు, అంటే మిరప బస్తాలు, విప్పి, మిరపకాయలు నిలువెత్తు రాశిగా పోసి ఉన్నాయి. ఘాటుకి ముగ్గురం తుమ్ముతూ నిలబడ్డాం. కొనేవాళ్లు నలుగురు కాయలు విరిచి చూస్తున్నారు. తమ్ముడుగారు కాటా దగ్గర ఉన్నారు. భిలాయి ఆయన ఆ రాశి వైపు చూసి, మాస్టారి వైపు చూసి, మామూలుగా, మా వైపు మామూలంటే ఎంత గట్టిగానో అంత గట్టిగా అడిగారు.

"మీకిది ఎలా కనపడుతుందండీ?"

కాటా దగ్గర తమ్ముడుగారు తలెత్తారు. కొనేవాళ్లు కూడా చూశారు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ మనిషిని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. రంగెలా ఉందని అడిగారే గాని, నీకెలా ఉందని అడగలేదు. మాస్టారు రాశి ముందుకి ఇంకో అడుగు వేసి, మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. తర్వాత క్లాసులో చెప్పినంత గట్టిగానే చెప్పారు.

"వాన పడి వెలిశాక నల్లరేగడి ఉంటుంది చూడండి. సరిగ్గా పదునుకొచ్చి, ఇహ గొర్రు కట్టి విత్తొచ్చు అన్నట్టు. అలా ఉంటుందండీ నాకు."

తమ్ముడుగారు కాటా వదిలి వచ్చి, టీలు తెమ్మని కేకేశారు. భిలాయి ఆయన ఆ ఎర్రటి రాశిని కళ్లు చికిలించి, తల అటూ ఇటూ వంచి, చాలాసేపు చూశారు.

"నాకు అలా కనపడటం లేదే" అన్నారు, దిగులుగా.